సారెలో వెళ్లిపోయిన చేయి

పొన్నాడలంకకి నగర పంచాయతీ హోదా వచ్చిన ఆర్నెల్లకే ఆ ఊరికి ఓ చెల్లెలు పుట్టింది. పుట్టడం కూడా ఎక్కడో సముద్రాల అవతల, జపాను కొండల మధ్య, నాలుగు వందల ఏళ్ల వయసుతో పుట్టింది. పేరు కమినోసె. ఇలాంటి కాన్పు గోదావరి జిల్లాల్లో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

ఛైర్మన్ తాతాజీ పంచాయతీ హాల్లో ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పాడు. పేరుకి తాతాజీయే గానీ మనిషికి నలభై నాలుగేళ్లే.

"రెండూళ్లూ తోబుట్టువులవుతాయండి. ఆళ్ల పండగలకి మనం, మన పండగలకి ఆళ్లు. మన పూతరేకులు అక్కడికి, ఆళ్ల చేతి కాగితం ఇక్కడికి. ఆళ్ల కాగితంలో మన రేకులు చుట్టి అమ్మితే పెపంచకం మీద మనకి ఎదురుండదు. ఆయ్!"

"బాబూ, మరి మనవే అక్కలవా?" అంది వెనక నుంచి ఒకామె.

"మనవే. ముందు ఉత్తరం రాసింది మనం గదా."

"అక్కలమైతే సారె మనవే పెట్టాల!"

హాలంతా గొల్లుమంది. తాతాజీ కూడా నవ్వాడు. నవ్వనిది ఒక్క పల్లాలమ్మే. సారె మాట ఆమె మనసులో మేకులా దిగబడిపోయింది.

పల్లాలమ్మకి యాభై ఎనిమిదేళ్లు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట పెట్టి, నీళ్లలాంటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులా పరిచి కుండ మీంచి ఒక్క లాగు లాగిందంటే, రేకు లేచేది. అలాంటిలాంటి రేకు కాదు. ఒకసారి ఒక రేకు గాలికెగిరి కాలవ దాటి, అవతలి గట్టున పెళ్లిపందిట్లో వధూవరుల మధ్య నిలబడితే, పురోహితుడు అడ్డుతెర అనుకుని జీలకర్ర బెల్లం పెట్టించేశాడట. చూసినవాళ్లు చెబుతారు. చూడనివాళ్లు ఇంకా బాగా చెబుతారు.

మొగుడు బుల్లబ్బాయి ఆ రేకుల్లో నెయ్యి, బెల్లంపొడి వేసి మడతపెట్టి పెట్టెలు కట్టేవాడు. చేతులకంటే ఆయన నోటికే పని ఎక్కువ. ఆ నోరు నిద్రలో కూడా విశ్రాంతి ఎరగదు.

*

సంబంధం కలిసిన నెలకి, కమినోసె నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. దాన్ని విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాల నుంచి వింధ్య అనే అమ్మాయి పంచాయతీ హాలుకి వెంటపెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మే గానీ సూదిమందు డాక్టరమ్మ కాదు. పెట్టెలో పైన దూదిపింజల్లాంటి కాగితాల కట్ట, కింద ఉల్లిపొరలాంటి గ్లౌజుల జత.

"ఈ కాగితాలు తోకుజీగారని అక్కడి పెద్దాయన చేసినవండీ. కమినోసెలో చేత్తో కాగితం తీసేవాళ్లలో ఆయనే ఆఖరు. ఆయన తర్వాత ఇంకెవరూ లేరు" అంది వింధ్య. "గ్లౌజులు మేమూ, అక్కడివాళ్లూ కలిసి చేశాం. పల్లాలమ్మగారూ, మీరు కోడలికి రేకు తీయడం నేర్పేటప్పుడు ఏం చెప్తారు?"

"చెప్పేదేవుందమ్మా. చూడవే అంటాను."

"ఆవిడ చూస్తే వస్తుందా?"

"పదేళ్లు చూస్తే వత్తాది."

"ఈ గ్లౌజు పది నిమిషాల్లో చూస్తుందండీ. చేతికి తెలిసింది నోటికి తెలీదు కదా. చేతి నరాల్లో ఉన్నదాన్ని ఇది చదివి, ఇంకో చేతి నరాలకి చెప్తుంది. వేసుకోండి."

వేసుకుంది. ఎదురుగా తొట్టెలో తెల్లటి నారగుజ్జు కలిపిన నీళ్లు, పక్కన వెదురు జల్లెడ. పల్లాలమ్మ ఆ జల్లెడ వంక, కొత్త అల్లుడు అత్తారింటి దూలాల వంక చూసినట్టు చూసింది. అంతలో ఆమె ప్రమేయం లేకుండా చేతులు జల్లెడని అందుకున్నాయి. ముంచాయి. ముందుకీ వెనక్కీ మూడుసార్లు, పక్కకి ఒకసారి ఊపి లేపాయి. నీళ్లు జారిపోయి, జల్లెడ మీద పల్చటి కాగితం మిగిలింది.

"అయ్ బాబోయ్!" పల్లాలమ్మ తన చేతుల్ని తనే ఎవరివో అన్నట్టు దూరంగా పట్టుకుంది. "ఇయి నా చేతులేనా?"

"అది తోకుజీగారి ఊపండీ. పోయినేడు ఆయన దగ్గర పట్టిన మచ్చు" అంది వింధ్య. "ఇప్పుడు మీ రేకు మచ్చు ఆయనకి పంపాలి. కుండ మీ ఇంట్లోనే ఉంది కాబట్టి మీ ఇంట్లోనే తీద్దురుగాని. ఈ ఆకుపచ్చ బొత్తాం నొక్కి పది నిమిషాలు పని చేసి, మళ్లీ నొక్కి పెట్టెలో పెట్టేయండి. రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను."

మర్నాడు పొద్దున్నే పల్లాలమ్మ పొయ్యి ముందు కూర్చుని గ్లౌజులు తొడుక్కుంది.

"పది నిమిషాలేటయ్యా?" అంది మొగుడితో. "చెల్లెలింటి నించి పెట్టె నిండుగా వచ్చింది. పక్కింటోళ్లు కూరగిన్నె పంపితేనే ఉత్త గిన్నె తిరిగియ్యం. అలాంటిది చెల్లెలికి సారె పంపుతూ చిటికెడు పంపుతావా?"

"పరువు పోద్దే! సారంటే ఊరంతా పంచాల. మా మేనత్తకి పంపిన సారె అయితేనా, బండి ముందు చక్రాలు ఆళ్లూళ్లో ఉంటే వెనక చక్రాలు మనూళ్లోనే..."

"నీ మేనత్త సారె తరవాత. ఆకులెయ్యి."

అలా మొదలుపెట్టింది. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, పడమటికి దిగాడు. పల్లాలమ్మ గ్లౌజు తీయలేదు. అమ్మ దగ్గర నేర్చుకున్నదీ, అత్తారింట్లో దిద్దుకున్నదీ, పిండి పల్చనైతే ఎలా లాగాలో, గాలి వాటంగా లేకపోతే ఎటు తిరగాలో, అంతా దాచుకోకుండా ఒంపేసింది. సాయంత్రానికి గ్లౌజులు పెట్టెలో పెట్టి, పసుపుతాడు కట్టి, బొట్టు పెట్టింది. వింధ్య వచ్చి చూసి, అంత శ్రద్ధగా వేసిన ముడి విప్పబుద్ధి కాక, పెట్టెని అలాగే విమానానికి పంపేసింది.

*

తెల్లవారి పల్లాలమ్మ గుడ్డ ముంచి కుండ మీద లాగింది. రేకు రాలేదు. పిండి ముద్దగా ఒకచోట చేరి మాడింది.

నిన్నటి అలసట అనుకుంది. మళ్లీ లాగింది. గుడ్డ మెలిపడింది, వేళ్లు కాలాయి. మూడోసారి గుడ్డని ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. మూలనా? అంచునా? బొటనవేలు లోపలికా, బయటికా? ఏనాడూ అడగని ప్రశ్నలు. నలభై ఐదేళ్లు రేకు తీసిన చేతులు, బడిలో మొదటిరోజు పలక పట్టుకున్న పిల్లల్లా బిక్కమొహం వేశాయి.

"ఏవయ్యా... నాకు రావట్లేదు" అంది.

"ఏటి రావట్లేదు?"

"రేకు."

బుల్లబ్బాయి పకపకా నవ్వాడు. "గోదారి వచ్చి నాకు పారడం రావట్లేదందంట!" అని, ఆమె మొహం చూసి ఆ నవ్వు సగంలో మింగేశాడు.

దిష్టి అన్నారు ఇద్దరూ. ఎర్రనీళ్లు దిగదుడిచారు. ఉప్పు తిప్పి కాలవలో కలిపారు. కుండ మార్చారు, బియ్యం మార్చారు. వారం గడిచింది. తాతాజీ కమినోసెకి పంపడానికి మొదటి సరుకు అడుగుతుంటే, బుల్లబ్బాయి పక్క వీధి నుంచి రేకులు తెచ్చి పెళ్లాం పేరున పెట్టెలు కట్టాడు. ఎవరితోనూ అనలేదు. పల్లాలమ్మ రేకు తీయలేదంటే ఊళ్లో ఇంక ఎవరి మొహం చూస్తుంది? కోడలితో కూడా చెయ్యి బెణికిందనే చెప్పింది. చేతులు చీరకొంగులో దాచుకుని తిరిగేది, ఎక్కడో దొంగిలించినవి పట్టుబడతాయేమో అన్నట్టు.

తొమ్మిదో రోజు వింధ్య పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనక తాతాజీ.

"పల్లాలమ్మగారూ! కమినోసెలో అద్భుతం జరిగిందండీ. మీ మచ్చు వేసుకున్నాక తోకుజీగారు కాగితం తీస్తుంటే ఊరంతా వచ్చి చూస్తోందట. మీరూ చూద్దురుగాని రండి!"

హాల్లో గోడమీద పెద్ద తెర. తెర మీద కమినోసె. నీళ్ల తొట్టె ముందు బక్కపల్చటి ముసలాయన. పల్లాలమ్మని చూడగానే నడుం వంచి దణ్ణం పెట్టి, జల్లెడ ఎత్తి పనిలో దిగాడు. లేచిన కాగితం అవతల ఆయన మొహం మంచులో చందమామలా కనిపించింది. హాల్లోవాళ్లు చప్పట్లు కొట్టారు.

పల్లాలమ్మ కాగితాన్ని చూడలేదు. ఆయన కుడిచేతి చిటికెనవేలు చూసింది. జల్లెడ లేపిన ప్రతిసారీ అది మిగతా వేళ్లని వదిలి, పైకి లేచి, కొద్దిగా వణికి ఆగుతోంది.

ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. "అది మా అమ్మ వేలు!"

ఎవరికీ అర్థం కాలేదు.

"మా అమ్మకి రోకటి పోటు తగిలి చిటికెనేలు విరిగిపోయింది. వంగేది కాదు. రేకు తీసినప్పుడల్లా అలా పైకి పెట్టేది. ఆవిణ్ణి చూసి నేర్చుకున్నాను గదా, ఏ దెబ్బా లేకపోయినా నాకూ అలాగే వచ్చేసింది. నిన్నా మొన్నటి దాకా నా ఏలు అలాగే లేచేది." తన చెయ్యి కొంగులోంచి తీసి అందరికీ చూపించింది. "ఇప్పుడు లెగట్లేదమ్మా. అమ్మ పోయి ముప్పై ఏళ్లయింది. అక్కడెక్కడో, మగాడి చేతిలో ఆవిడ ఏలెలా ఉంది?"

తెర మీద ముసలాయన పని ఆపి చూస్తున్నాడు. వింధ్య మొహంలో రక్తం లేదు.

"పల్లాలమ్మగారూ, గ్లౌజులతో ఎంతసేపు పని చేశారు?"

"పొద్దుణ్ణించి సందేళ దాకా. సారె గదా అని..."

వింధ్య కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "పేరిన నెయ్యి ఉంది చూడండీ. కరిగిస్తే గానీ ఒంపలేం. చేతిలో పనీ అంతే. గ్లౌజు చదివేటప్పుడు దాన్ని కరిగిస్తుంది. పది నిమిషాలైతే పైపైన కరిగి, మళ్లీ పేరుకుంటుంది. రోజంతా కరిగిస్తే... అడుగు దాకా... అలా ఎవరూ చెయ్యలేదండీ. ఎవరైనా చేస్తారని మాకు తట్టలేదు. నాదే తప్పు. గడియారం చూసి ఆగిపోయేలా తాళం పెట్టాల్సింది."

"అంటే?" అన్నాడు తాతాజీ.

"అంటే ఆవిడ చేతిలో ఏమీ మిగల్లేదండీ."

అంతవరకూ నోరెత్తని బుల్లబ్బాయి లేచాడు. "ఒంపింది తిరగ ఒంపుకోవచ్చా లేదా, అది చెప్పు తల్లీ."

"ఒంపుకోవచ్చు. ఆయన కూడా ఒక్కో చెయ్యికి ఒక్కో రోజంతా పనిచేస్తే."

వింధ్య జపాను భాషలో చెప్పింది. అవతల తోకుజీ అంతా విన్నాడు. తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు, మరీ ముఖ్యంగా కుడిచేతి వంక. తర్వాత ఇందాకటికంటే కిందకి వంగాడు, నుదురు తొట్టె అంచుకి తగిలేలా.

"ఏవంటున్నాడు?"

"మీ ఇంటి సొమ్ము మీకు చేరాల్సిందే అంటున్నారు. ఎల్లుండి నించి మొదలుపెడతారట." వింధ్య ఇంకేదో చెప్పబోయింది. తెరమీద ముసలాయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల ఊరుకుంది.

*

మొదటిరోజు ఎడమచేయి. పల్లాలమ్మ తెర ముందు నుంచి కదల్లేదు. భోజనం కూడా బుల్లబ్బాయి అక్కడికే తెచ్చాడు. చెయ్యి వస్తుందన్న ఆశతో ఆమె పది రోజుల్లో మొదటిసారి కడుపునిండా తింది. కమినోసెలో చీకటిపడే వేళకి ముసలాయన ఎడమ గ్లౌజు తీసి, పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు.

రెండోరోజు కుడిచేయి. తోకుజీ అరగంట ముందే వచ్చాడు, శుభ్రంగా తయారై. తెర అప్పటికే వెలిగి ఉందని ఆయనకి తెలిసినట్టు లేదు. తొట్టె దగ్గరికి వెళ్లలేదు. కిటికీ పక్కన కూర్చున్నాడు. కుడిచేత్తో టీ కప్పు ఎత్తి తాగాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు, కప్పు ఖాళీ అయినా. చొక్కా గుండీ ఒకటి విప్పి, కుడిచేత్తోనే పెట్టుకున్నాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చెంప నిమురుకున్నాడు. తర్వాత ఆ చేతిని తొడమీద పెట్టుకుని, రైలెక్కబోయే పిల్లని చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

పల్లాలమ్మ తెర వైపు వంగింది. "అమ్మాయ్. ఆయన చేస్తున్నదేటి?"

వింధ్య చేతిలో కాగితాలు సర్దుకోసాగింది.

"నిన్నే. ఎడమ చెయ్యి ఇచ్చేముందు ఇలా చెయ్యలేదే ఆయన?"

"చెప్పొద్దన్నారండీ ఆయన."

"నువ్వు చెప్పకపోతే నేను లేచి ఆయన్నే అడుగుతాను. భాష రాకపోతే పోనీ."

వింధ్య తలొంచుకుంది. "పోయినేడు ఆయన దగ్గర కాగితం మచ్చు పట్టిన తర్వాత, శీతాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చిందండీ. కుడిచెయ్యి పూర్తిగా చచ్చుబడింది. ఆర్నెల్లు అన్నం ముద్ద కూడా ఎత్తలేదు. మీ చెయ్యి వెళ్లాక లేచింది. మీ సారెలో ఉన్నది పది నిమిషాల మచ్చే అయితే లేచేది కాదు. రోజంతా ఒంపింది ఉండబట్టి, కాలవకి గండి పడితే పక్కనించి బోదె తవ్వుకున్నట్టు, ఆ నరాల్లో కొత్త దారి పడింది."

"ఇయ్యాళ తిరిగిచ్చేస్తే?"

"దారిలో నీళ్లే ఉండవు కదండీ."

"మళ్లీ చచ్చుబడిపోద్దా?"

వింధ్య అవునన్నట్టు చూసింది. పల్లాలమ్మకి కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. "నాకెందుకు చెప్పావే? చెప్పకుండా ఉంటే హాయిగా తీసేసుకుందును గదా!" అని అరిచింది. అడిగింది తానేనన్న సంగతి ఆ క్షణంలో ఆమెకి గుర్తు లేదు.

తెర అవతల తోకుజీ లేచాడు. తొట్టె దగ్గరికి వచ్చి, కుడి గ్లౌజు తీసుకుని, వేళ్లు దూర్చబోయాడు.

ఆ చెయ్యి వస్తే రేపు పొయ్యి వెలిగించుకోవచ్చు. కొంగు విప్పి ఊళ్లోకి వెళ్లవచ్చు. అమ్మ వేలు మళ్లీ తన చేతికే వస్తుంది. రాకపోతే ఈ కుడిచెయ్యి బతికినన్నాళ్లూ కూర తరగడానికీ, తల దువ్వుకోవడానికీ తప్ప ఎందుకూ కొరగాదు. పల్లాలమ్మకి ఇదంతా తెలుసు. తెలిసే నోరు తెరిచింది.

"ఆపమను!"

"పల్లాలమ్మగారూ..."

"ఎడంది చాలు. కుడిది ఆయన దగ్గరే ఉండమను."

తాతాజీ ఉలిక్కిపడ్డాడు. "అక్కా, ఒంటిచేత్తో రేకు ఎలా తీత్తావ్? ఒకసారి ఆలోచించు!"

"ఆలోచిత్తే ఇవ్వబుద్ధి కాదురా. అందుకే ఆలోచించట్లేదు. చెప్పవే అమ్మాయ్, ఆయన తొడిగేసుకుంటున్నాడు!"

వింధ్య చెప్పింది. తోకుజీ చేతిలోంచి గ్లౌజు జారి తొట్టెలో పడింది. ఆయన వంగి దణ్ణం పెట్టలేదు. ఆ కుడిచేతిని ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కాసేపటికి వేళ్ల సందుల్లోంచి ఏదో అన్నాడు.

"ఏవంటాడు?"

"మీ అమ్మగారి పేరు అడుగుతున్నారండీ."

పల్లాలమ్మ తెర దగ్గరికి నడిచింది. "మాచమ్మ" అంది.

"మా-చమ్మ" అన్నాడు తెర మీది ముసలాయన, కూడబలుక్కుంటూ.

*

గ్లౌజులు ఇక పది నిమిషాలకి మించి చదవకుండా తాళం పడింది. తాతాజీ, కమినోసె పెద్దలు కొత్త కాగితం రాసుకున్నారు: సరుకులు రావచ్చు, మనుషులు రావచ్చు, మచ్చుకి మించి చేతులు మాత్రం దాటకూడదని.

పెట్టె వచ్చింది. పల్లాలమ్మ ఒక పగలంతా ఎడమ గ్లౌజు తొడుక్కుని కూర్చుంది. మర్నాడు పొద్దున్న పొయ్యి వెలిగించి గుడ్డ ముంచింది. ఎడమచెయ్యి తడుముకోకుండా అంచు పట్టుకుంది, సరిగ్గా ఎక్కడ పట్టాలో అక్కడ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కుడిచెయ్యి మాత్రం ఎరగని పెళ్లికి వచ్చినట్టు ఒళ్లోనే ఉండిపోయింది.

"ఏవయ్యా, ఇలా వచ్చి కుడిపక్కన కూకో."

బుల్లబ్బాయి వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ గుడ్డని ఆయన చేత ముట్టుకోనివ్వలేదు.

"నేనా?"

"కోడలికి చెప్దావంటే దానికి దాని పద్ధతి వచ్చేసింది, నాతో పోట్లాడతాది. నీకేవీ రాదు. అదే మంచిది. ఈ కొస పట్టు."

పట్టుకున్నాడు, పాముని పట్టుకున్నట్టు.

"నేను లాగినప్పుడు నువ్వు లాగకు. నేను ఆగినప్పుడు నువ్వు కదలకు."

"మరి నేను చేసేదేటే?"

"నోరు మూసుకుని నా భుజం చూడు. భుజం ఎటెళ్తే చెయ్యి అటు."

బుల్లబ్బాయి నోరు మూశాడు. మొదటిది మాడింది. రెండోది మెలిపడింది. మూడోదానికి ఆయన ఊపిరి కూడా బిగబట్టాడు. గుడ్డ కుండ మీంచి జారింది.

ఆ ఇంట్లో మగ గొంతు వినిపించకపోయేసరికి పక్కింటి వాళ్లు గుండె గుభిల్లుమని గోడ మీంచి తొంగి చూశారు. మొగుడూ పెళ్లాం కుండకి చెరో పక్కా, ఒకే గుడ్డ పట్టుకుని, కళ్లార్పకుండా కూర్చున్నారు. మధ్యలో కుండ మీద తెల్లటి పొర ఒకటి, ఒక పక్క పల్చగా, ఒక పక్క మందంగా, నెమ్మదిగా అంచు లేపుతోంది.

"అమ్మో, బుల్లబ్బాయి బావకేవయింది?" అంది పక్కింటామె.

"ఏవీ కాలేదు" అంది పల్లాలమ్మ తల తిప్పకుండా. "పలకరించకండి. చిరుగుద్ది."